నీరడి కాళ్ళు

"పార ఇటియ్యి," అన్నాడు పండరి.

తూము దగ్గర గుమిగూడిన పదిపన్నెండు మంది రైతులు మాటలు ఆపేశారు. ఎల్లన్న భుజం మీది పారను దించి, కర్రను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఆ పార అతని సొంతం కాదు, ఆయకట్టుది. ప్రతి ఉగాది నాడు రైతులంతా తూము దగ్గర చేరి, కొబ్బరికాయ కొట్టి, పారకు పసుపు రాసి నీరడి చేతిలో పెడతారు. మళ్ళీ ఉగాది దాకా కాలువ నీళ్ళను మడి మడికీ పంచడం అతని పని. కోతలప్పుడు అతనికింత వడ్లు కొలిచిపెట్టడం రైతుల పని. ఇరవై రెండేళ్ళుగా ఆ పార ఎల్లన్న చేతికే వస్తోంది. ఉగాది ఇంకా తొమ్మిది రోజులుందనగా నడుమ అడిగి తీసుకోవడం ఆ కాలువ మీద ఎవరూ చూడలేదు.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం, మార్చి నెల, మంగళవారం పొద్దున. నిజాంసాగర్ పెద్ద కాలువ నుంచి బాన్సువాడ పక్కగా చీలివచ్చే చిన్న కాలువ అది. దాని నీటి సంఘానికి పండరి అధ్యక్షుడు. నలభై అయిదేళ్ళ మనిషి. పాత బాన్సువాడలో పెంకుటిల్లు, కాలువ సగం దూరంలో ఆరెకరాల మాగాణి, మెడలో తులసిమాల. అబద్ధమాడడని పేరు. రెండేళ్ళ కిందట ఓట్లు ఆ పేరు మీదనే పడ్డాయి. ఆ పేరంటే అతనికి కూడా కాస్త ఎక్కువే ఇష్టం.

పంచాయితీ పెట్టించింది హరనాథబాబు. కోస్తా నుంచి వర్ని వైపు వచ్చి స్థిరపడిన కుటుంబం ఆయనది. కాలువ చిట్టచివర ఏడెకరాలు కొనుక్కున్నాడు. పోయిన తడికి ఆయన చేనికి నీళ్ళు అరకొరగా అందాయి. ఈ తడికి అసలే లేవు. యాసంగి వరి పొట్ట మీద ఉంది. వచ్చే మంగళవారం తూము మూసేస్తారు. ఆ లోపల నీళ్ళు అందకపోతే వెన్నులో గింజ పాలు పోసుకోదు, ఏడెకరాలూ తాలే.

"నేనెవరినీ అనడం లేదండీ," అన్నాడు హరనాథబాబు, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "తూము కాడ నిండుగా వదిలిన నీళ్ళు నా గట్టు దాకా రావట్లేదు. మధ్యలో ఎవరో తాగుతున్నారు. ఎవరో నీరడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందండీ?"

"చెప్పు ఎల్లన్నా," అన్నాడు పండరి. "పండుకుంటున్నవా, ఎవలకన్న మలుపుతున్నవా?"

"పండుకోలే పటేలా. ఎవ్వలకు మలుపలే. నీళ్ళు నడుమ పోతున్నయి. గదే చెప్దామని నిన్న మీ ఇంటికి గూడ వచ్చిన, నువ్వు లేవు." ఎల్లన్న కొంచెం ఆగి, చుట్టూ ఉన్నవాళ్ళను చూసి, గొంతు తగ్గించాడు. "జెర నీ మడి కాడ చూడాలె…"

"నా మడి కాడనా?"

పండరి ముఖం మీదికి రక్తం పొంగుకొచ్చింది. పది మంది ముందు, అందులోనూ హరనాథబాబు ముందు, నీళ్ళు తన మడి దగ్గర చూడమంటాడా? తన వంతు దాటి ఒక్క గంట కూడా నీళ్ళు పెట్టుకోని మనిషి తను.

"అంటే నేను దొంగనా? నీ తప్పు నా మీద రుద్దుతున్నవా ఎల్లిగా?"

ఎల్లన్న అతని కన్నా పదిహేనేళ్ళు పెద్ద. ఎల్లన్నా అని తప్ప పండరి అతన్ని ఎన్నడూ పిలవలేదు. ఆ పిలుపు విన్నాక ఎల్లన్న ఇంకేమీ చెప్పబోలేదు. కాలువలోకి దిగి పారకంటిన మట్టి కడిగాడు. తలకు చుట్టిన తువ్వాలు విప్పి, కర్ర నుంచి మొన దాకా తుడిచాడు. పండరి చాచిన చేతిలో పెట్టకుండా, తూము గోడకు ఆనించి, గట్టు మీదుగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఇగ నీళ్ళ సంగతి నేను చూసుకుంట," అని పండరి అందరికీ వినబడేలా అన్నాడు. "శనివారం లోపల చివరి మడికి నీళ్ళు పోతయి."

బుధవారం తెల్లవారుజామున స్నానం చేసి, దేవుడి అరలో విఠోబా పటం ముందు కూర్చున్నాడు పండరి. సంఘానికి అధ్యక్షుడైనప్పటి నుంచి రోజూ ఒకటే మొక్కు. స్వామీ, నాకు తెలివియ్యి, నలుగురికి న్యాయం చేసే బుద్ధియ్యి, తప్పుతోవ పట్టనియ్యకు. ఆ మొక్కులో కపటం లేదు, నిజంగానే అడిగేవాడు. కాకపోతే తెలివి దేవుడి దగ్గర నుంచి నేరుగా తన బుర్రలోకే దిగుతుందని అతని నమ్మకం. అది ఇంకెవరి కాళ్ళ మీదనో నడిచి వస్తే, పక్కకు నిలబడమని చెప్పే రకం.

గంగమణి బర్రె పాలు పిండుకుని లోపలికొచ్చింది. చెంబు అంచు దాకా నురగ.

"చూసినవా, ఎండలు ముదురుతుంటె పాలు తగ్గాలె, పెరుగుతున్నయి," అంది. "మన మడి ఎనుక వాగొడ్డున గడ్డి మోకాలెత్తు పెరిగింది. గీ కాలంల గంత పచ్చగడ్డి నేను పుట్టినంక చూడలే. ఏంది సంగతి?"

"అంత విఠోబా దయ," అన్నాడు పండరి, కళ్ళు మూసుకునే.

"దయ మన బర్రె మీదనే ఉన్నట్టుంది," అని ఆమె పాలు పొయ్యి మీద పెట్టింది.

పండరి మోటారుబండి తీశాడు. కాలువ గట్టు మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా బండి పోయే బాట అతను వేయించిందే. అధ్యక్షుడయ్యాక మొదట చేసిన పని అది. గట్టు పొడుగునా అడ్డంగా పెరిగిన తుమ్మచెట్లు కొట్టించి, మొరం పోయించాడు. ట్రాక్టర్లు వడ్ల బస్తాలతో నేరుగా రోడ్డెక్కుతున్నాయి. అందరూ మెచ్చుకున్నారు. నీరడి ఒక్కడే కాలువ లోపల నడుస్తాడు. మిగతావాళ్ళకు గట్టు బాట వచ్చాక కాలు తడవాల్సిన పనే లేకుండా పోయింది.

బుధ, గురు, శుక్రవారాలు పండరి ఆ బాట మీద తిరిగినట్టు పోస్టుమాన్ కూడా తిరిగి ఉండడు. బాన్సువాడ బజారులో కొన్న కొత్త తోలు చెప్పులు కిర్రుకిర్రుమంటుంటే, మడి మడికీ బండి ఆపి, వంతు కాని దారులన్నీ మట్టితో మూయించాడు. రెండిళ్ళకు వెళ్ళి, అర్ధరాత్రి దారి తెరుస్తున్నారేమో ఒట్టేసి చెప్పమన్నాడు. వాళ్ళు ఒట్టేశారు, మళ్ళీ అతని ముఖం చూడలేదు. గట్టు మీద నుంచి చూస్తే నీళ్ళు ఎక్కడా పొర్లడం లేదు, గండి లేదు, దొంగ లేడు. తూము దగ్గర మోకాలి పైకి ఉన్న నీళ్ళు తన మడి దాటేసరికి పిక్కల్లోతు. చివరికొచ్చేసరికి పాదం మునగదు.

శుక్రవారం సాయంత్రం హరనాథబాబు తన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మొదటి మడిలో నీళ్ళు సగం దాకా తడిపి ఆగిపోయాయి. అవతల నేల నెర్రెలు విచ్చింది. ఆయన ఒక వరి కర్రను చీల్చి, లోపలి లేత వెన్ను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. తెల్లగా ఉండాల్సింది కొసన గోధుమరంగు తిరిగింది.

"ఎల్లన్నను తీసేస్తే నీళ్ళొస్తాయనుకున్నానండీ," అన్నాడు ఆయన, తలెత్తకుండా. "నేనే తొందరపడి ఆ మాట అన్నానేమో."

పండరి ఆ నెర్రెల వైపు చూశాడు. రేపటితో తనిచ్చిన గడువు అయిపోతుంది. సంఘంలో పేరు పోవడం అటుంచి, ఎదురుగా ఏడెకరాల చేను కళ్ళ ముందే చచ్చిపోతోంది. అతనికి భయం వేసింది. ఆ భయంలో కూడా, ఎల్లన్న మంగళవారం నాడు చెప్పబోయింది ఏమిటో అడుగుదామన్న ఆలోచన ఒకటి వచ్చింది. వచ్చినంత వేగంగా దాన్ని తోసేశాడు. పార గుంజుకున్న చేత్తో పోయి సలహా అడగడమేమిటి?

శనివారం ఏకాదశి. పండరి ఒక్క పొద్దు ఉన్నాడు. ఆ రోజు మొక్కులో మాటలు మారాయి. "న్యాయం చేసే బుద్ధియ్యి అని అడిగిన. నాకు న్యాయం తెలుస్తలేదు స్వామీ. ఏం తెలుస్తలేదు." అంతే మొక్కి లేచాడు.

పొద్దు గూకుతుండగా విఠోబా మందిరంలో భజన మొదలైంది. రేకుల కప్పు వేసిన చిన్న గది, ముందు వరండా. వీణ భుజాన వేసుకుని నడుమ నిలబడేది సోనాబాయి. డెబ్భై దాటిన ముసలామె. దెగ్లూరు వైపు నుంచి కాపురానికి వచ్చి యాభై ఏళ్ళయినా ఆమె తెలుగులో మరాఠీ వదల్లేదు. పండరి చేతిలో తాళాలు, ముందు వరుస. ఎల్లన్న ఎప్పటిలాగే గడప పక్కన స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. అతని మెడలోనూ తులసిమాల ఉంది. అతను వస్తాడని పండరి అనుకోలేదు. భజన సాగినంతసేపూ అటు చూడకుండా ఉండటానికే అతని శక్తి సగం అయిపోయింది.

హారతి అయ్యాక ఒకరి కాళ్ళకు ఒకరు మొక్కడం ఆ మందిరంలో ఆనవాయితీ. చిన్నా పెద్దా లేదు, ఆడా మగా లేదు, ఏ కులమని లేదు. వరుసగా కదులుతూ, ఎదురైనవాళ్ళ పాదాలకు తల ఆనించి 'మావులీ' అంటారు. అంటే తల్లీ అని. ఆ రెండోవాళ్ళు కూడా వంగి అలాగే మొక్కుతారు. మందిరం బయట ఎవరు ఎవరి గడప దాకా రావాలో అందరికీ తెలుసు. లోపల ఆ కాసేపు తెలియనట్టు ఉంటారు. పండరి మాత్రం అధ్యక్షుడయ్యాక హారతి అవుతూనే తాళాలు సంచిలో వేసి, ప్రసాదం గంగాళం దగ్గరికి పోయేవాడు. ఎవరో ఒకరు పంచాలి కదా. ఇవాళా అటే అడుగు వేశాడు.

"బాళా," అని బిడ్డను పిలిచినట్టు పిలిచింది సోనాబాయి, వీణ దించి గోడకు పెడుతూ. "రెండేండ్ల సంది నువ్వు ప్రసాదం కాడనే ఉంటున్నవు. గిన్నె కాడికి ఇయ్యాల నేను పోత. నువ్వు వరుసల నిలబడు."

గొంతులో కోపం లేదు, ఇంట్లో పిల్లవాడికి పని పురమాయించినట్టే ఉంది. కానీ రెండేళ్ళుగా ఆమె గమనిస్తోందన్న మాట పండరికి చెంపదెబ్బలా తగిలింది. తనకు తాను కూడా చెప్పుకోని సంగతి అది. అతను వరుసలో నిలబడ్డాడు. ఒక్కొక్కరికీ వంగుతూ, లేస్తూ వచ్చాడు. మోకాళ్ళకు అలవాటు తప్పింది. వరుస చివర ఎల్లన్న.

పండరి వంగాడు. తల ఆనించబోయి, ఆగిపోయాడు.

ఆ కాళ్ళ వేళ్ళ సందులు తెల్లగా నాని, చిట్లి, లోపలి ఎర్రదనం కనబడుతోంది. బొటనవేలి గోరు సగం లేచింది. చీలమండల చుట్టూ ఎండ్రకాయలు కరిచిన గాట్లు. కొన్ని మానుతున్నాయి, రెండు పచ్చివి. వేళ్ళ మధ్య పసుపూ కొబ్బరినూనె కలిపి రాసుకున్న జాడ, దాని మీద ఆరీ ఆరని కాలువ బురద.

పండరి వ్యవసాయదారుడు. ఆ కాళ్ళను చదవడానికి అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు. పారే నీళ్ళలో రోజుల తరబడి నిలబడితే తప్ప కాళ్ళు అలా కావు. రెండు రోజులు పొడిగా ఉంటే చాలు, మానిపోతాయి. పార తీసుకుని నాలుగు రోజులైంది. మానాలి, మానలేదు. ఈ కాళ్ళు ఇవాళ పొద్దున కూడా నీళ్ళలో ఉన్నాయి. పండుకుంటున్నవా అని తను అడిగింది ఈ మనిషిని.

అతను తల ఆనించాడు. పసుపు వాసన, బురద వాసన. లేవాల్సిన సమయానికి లేవలేదు. వెనక నిలబడ్డవాళ్ళు ఆగారు. ఎల్లన్నే అతని భుజాలు పట్టి లేపి, తను వంగి మొక్కి, "మావులీ" అన్నాడు.

"పొద్దున యాడున్నవు ఎల్లన్నా?" అని అడిగాడు పండరి.

"కాల్వల."

"పార లేదు గదా?"

"చేతులున్నయి గదా పటేలా."

పండరి ఆ కాళ్ళ వైపు మళ్ళీ చూశాడు. తర్వాత, నాలుగు రోజుల కిందట అడగాల్సిన మాట అడిగాడు. "నా మడి కాడ ఏమున్నది?"

"చెప్తే ఎట్ల తెలుస్తది? రేపు పొద్దుగాల రా," అన్నాడు ఎల్లన్న. "చెప్పులు ఇడిసి రా."

ఆదివారం తెల్లవారుతుండగా పండరి చెప్పులు తూము దగ్గర విడిచి, పంచె ఎగగట్టి కాలువలోకి దిగాడు. ఎల్లన్న ముందు, అతను వెనక. నీళ్ళు చల్లగా ఉన్నాయి. కాళ్ళ కింద మొరం గుచ్చుకుంది, తర్వాత మెత్తటి బురద, నత్తగుల్లలు, మళ్ళీ మొరం. పదడుగులకోసారి పండరి నీళ్ళలోకి తొంగిచూస్తున్నాడు.

"కండ్లతోని చూడకు పటేలా. నీళ్ళు కండ్లకు ఏం చెప్పయి. అడుగుతోని చూడు, జెర మెల్లగ. పక్కకు గుంజినట్టయితె చెప్పు."

వాళ్ళు పండరి మడి దాకా వచ్చారు. రెండేళ్ళ కిందట కొట్టించిన తుమ్మచెట్టు మొద్దు గట్టు పక్కన నల్లబడి ఉంది. దాన్ని దాటుతుండగా పండరి కుడిపాదం కింద నీళ్ళు సన్నగా, గట్టు వైపు లాగాయి. మరో అడుగు వేశాడు. లాగుడు పెరిగింది. కాలితో తడిమితే గట్టు అడుగున, నీటి మట్టానికి జానెడు లోతున, తన పిక్క పట్టేంత బొక్క. దాని నిండా ఎవరో గడ్డి కుక్కారు. సగం గడ్డి అప్పటికే కొట్టుకుపోయింది.

"గీడ…" అనబోయి కెవ్వుమన్నాడు. బొటనవేలిని ఎండ్రకాయ పట్టుకుంది.

"అది నన్ను రోజు పలకరిస్తది," అన్నాడు ఎల్లన్న, నవ్వకుండా. వంగి దాన్ని విడదీసి అవతలి గట్టు మీదికి విసిరాడు. "చెట్టు కొట్టినంక ఏర్లు మురిగినయి. ఏరున్న కాడల్లా దారి పడ్డది. ఎండ్రకాయలు ఇంత పెద్దగ చేసినయి. రోజు తెల్లారక ముందే గడ్డి, మట్టి కుక్కుత. నీ బండొచ్చే యాళ్ళకు ఎల్లిపోత. చేతుల పెట్టిన మన్ను నిలుస్తలేదు. పైనుంచి తవ్వాలె. తవ్వాల్నంటె నీ బాట కొయ్యాలె. గది నేను జెయ్యలేను గదా."

"నీళ్ళు యాడికి పోతున్నయి? నా మడిల లేవు."

ఎల్లన్న చెయ్యెత్తి మడి వెనక్కు చూపించాడు. ఇద్దరూ గట్టు దిగి వాగు ఒడ్డుకు నడిచారు. వాగు ఎండిపోయి ఉంది. ఒక్క ఆ చోట మాత్రం ఒడ్డు అడుగు నుంచి నీళ్ళు ఊరుతున్నాయి, సన్నగా, ఆగకుండా. ఆ చుట్టూ మోకాలెత్తు పచ్చగడ్డి. నడుమ గుంజకు కట్టేసిన తన బర్రె, నెమరువేస్తూ వాళ్ళ వైపు చూసింది.

పండరి గడ్డిలో కూలబడ్డాడు. ఇన్ని రోజులూ హరనాథబాబు చేను నీళ్ళు తన బర్రె గడ్డికి పోయాయి. ఆ పాలు తాగి తను విఠోబా దయ అన్నాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. ముక్కూ మొహం తెలియని దొంగ కోసం మూడు రోజులు బండి మీద తిరిగినవాడు, ఇప్పుడు ఎక్కడికీ పోలేక అక్కడే కూర్చున్నాడు.

"చెట్లు కొట్టిచ్చిన నాడు నువ్వన్న ఒక మాట చెప్పకపోతివి ఎల్లన్నా?"

"చెప్పిన. ఏర్లే గట్టును పట్టుకున్నయి అన్న. నువ్వు బండి మీదున్నవు, ఇనబడలేదేమో."

"పోని, నేను పార గుంజుకున్నంక ఇంకెవలికన్న చెప్పొద్దా?"

"నీకు చెప్తే నువ్వినలే. ఇంకొగనికి చెప్తే నీ మీద చాడి చెప్పినట్టయితది. అయినా పొట్ట మీదున్న చేను గదా, ఎట్ల ఊకుంట?"

పండరి నీళ్ళు ఊరుతున్న చోటు వైపు చూస్తూ అన్నాడు. "రెండేండ్ల సంది విఠోబాను తెలివియ్యమని అడుగుతున్న ఎల్లన్నా. నిన్నటి దాక అడిగిన."

"ఇయ్యకేం? మంగళారం నాడే తూము కాడికి పంపిండు. నువ్వే ముచ్చట నడుమల ఆపినవు," అన్నాడు ఎల్లన్న. అని, గడ్డి పీకి మోపు కట్టడం మొదలుపెట్టాడు. బొక్కలో కుక్కడానికి గడ్డి కావాలి.

ఎనిమిది గంటలకల్లా నలుగురు మనుషులు వచ్చారు. తూము గోడకు ఆనించిన నీరడి పారను పండరే తెచ్చి, తన బాటను తనే కోశాడు. ఎల్లన్న గట్టు మీద నిలబడి ఎక్కడ తవ్వాలో, ఎంత లోతో చెప్పాడు. మురిగిన వేర్లు చేతులతో లాగితే పిండిలా ఊడివచ్చాయి. మొద్దును పెకిలించి, నల్లరేగడి మట్టి, గడ్డి వరసలు వరసలుగా వేసి కాళ్ళతో తొక్కారు. పండరి కూడా తొక్కాడు. మధ్యాహ్నానికి బొక్క మూసుకుంది. కాలువలో నీళ్ళు వేలెడు వేలెడు పైకి లేచాయి. ట్రాక్టర్ బాట నడిమికి తెగింది.

పొద్దు వాలేసరికి హరనాథబాబు మొదటి మడి నిండి, రెండో మడిలోకి నీళ్ళు దూకాయి. ఆయన నెర్రెల్లోకి నీళ్ళు దిగుతుంటే వచ్చే బుడగల చప్పుడు వింటూ నిలబడ్డాడు.

"అయిదెకరాలు దక్కుతాయండీ," అన్నాడు. "ఆ మెరక మీది రెండెకరాలు ఇక అయిపోయినట్టే. పశువులకు కోసేస్తాను." నీళ్ళ మీది నుంచి చూపు తిప్పి అడిగాడు. "ఇంతకీ ఎవరండీ తాగింది?"

"గురువారం ఉగాది గదా. తూము కాడ చెప్త, అందరి ముందట," అన్నాడు పండరి.

తిరిగి వచ్చేటప్పుడు పారను ఎల్లన్నకు ఇవ్వబోయాడు. ఎల్లన్న చేతులు చాచలేదు.

"యాడ అడిగినవో ఆడనే ఇయ్యి పటేలా," అని వెళ్ళిపోయాడు.

మంగళవారం తూము మూశారు. బుధవారం సాయంత్రం పండరి అరుగు మీద కూర్చుని రేపు చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. చెట్లు సంఘం తీర్మానం ప్రకారం కొట్టించామని మొదలుపెట్టొచ్చు. ఎండ్రకాయల వల్ల గట్టు పాడైందని చెప్పొచ్చు. రెండూ నిజాలే. లోపల కుండలో ఉగాది పచ్చడికి చింతపండు నానబెడుతూ గంగమణి అతని గొణుగుడు వింది.

"పండుగ పూట గవన్ని ఎందుకు? కొబ్బరికాయ కొట్టి పార చేతుల పెడితె అయిపోతది గదా. అందరు మర్చిపోతరు," అంది.

"మర్చిపోతరు," అన్నాడు పండరి. ఎంత తేలికో అతనికి తెలుసు. పండగ తనంతట తానే వచ్చి తప్పును కప్పేస్తానంటోంది. ఆ రాత్రి పటం ముందు కూర్చుని అతను తెలివి అడగలేదు. రేపు నోరు పెగిలేట్టు చూడమని మాత్రం అడిగాడు.

గురువారం పొద్దున తూము దగ్గర ముప్పై మంది దాకా చేరారు. గంగమణి, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు పచ్చడి కుండలు తెచ్చారు. పారకు పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. కొబ్బరికాయ కొట్టాక పండరి పార చేతిలోకి తీసుకున్నాడు. ఎల్లన్న ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, ఉతికిన ధోతి కట్టుకుని. అందరూ పండరి చేతులు ముందుకు చాచడం కోసం చూస్తున్నారు.

అతను పారను గోడకు ఆనించాడు. చెప్పులు విడిచాడు.

"హరనాథబాబు చేన్ల నీళ్ళు తాగింది నా బర్రె," అన్నాడు. ఎవరో నవ్వబోయి ఆగారు. "గట్టు మీది తుమ్మలు నేను కొట్టిచ్చిన. వద్దని ఎల్లన్న చెప్పిండు, నేనినలే. గా ఏర్లు మురిగి, నీళ్ళు నా మడి కిందికెళ్ళి వాగుల పడ్డయి. పోయిన మంగళారం ఎల్లన్న గీడనే గది చెప్పబోతె దొంగను చేసిన. ఎల్లిగా అన్న. నేను పార గుంజుకున్నంక గూడ రోజు నీళ్ళల్ల దిగి చేతులతోని గండి కట్టిండు. రెండెకరాలు పోయినయి. అవి నా మూలంగనే పోయినయి."

ఆ మాటలకు ముందూ వెనకా ఏమీ చేర్చలేదు. తర్వాత వంగాడు. మందిరంలో మోకాళ్ళకు ఎక్కడ వంగాలో తెలుసు. చుట్టూ రైతులు, పట్టపగలు, మొరం మీద అవి మొరాయించాయి. అయినా నేల దాకా వంగి ఎల్లన్న పాదాలకు తల ఆనించాడు. ఆ కాళ్ళు ఈసారి పొడిగా ఉన్నాయి, గాట్లు మానుతున్నాయి. హరనాథబాబు తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

పండరి లేచాక ఎల్లన్న వంగాడు. తిరిగి మొక్కుతున్నాడనే అందరూ అనుకున్నారు. మొక్కాడు కూడా. కానీ వెంటనే లేవకుండా పండరి కుడికాలి బొటనవేలిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎండ్రకాయ కరిచిన చోట వాచి ఉంది. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా లేచింది.

"నీళ్ళు అలవాటు లేని కాలు," అన్నాడు ఎల్లన్న. "పసుపు, కొబ్బరినూనె కలిపి రాయి పటేలా. మల్ల తడి ఎనిమిది దినాలల్ల ఇడుస్తరు. గప్పటికి మానాలె. గట్టు పొడుగుత ఇంకా పదకొండు మొద్దులున్నయి. అన్నిటి కాడ అడుగు పెట్టి చూడాలె. నేనొక్కన్నే ఎన్నని చూద్దు? నువ్వు గూడ దిగాలె."

లేచి, గోడకున్న పారను తనే తీసుకుని భుజాన వేసుకున్నాడు. పసుపు అతని ధోతికి అంటింది. అతను ఇంకా జవాబు కోసం పండరి ముఖంలోకి చూస్తున్నాడు.

"దిగుత," అన్నాడు పండరి.